రీలు అవగొట్టడానికి తీసిన ఫోటోలనే ముందు చూడండి

మీరు అడిగినదాన్ని ఒకసారి చెప్పుకుందాం. నాయనమ్మగారు పోయిన తరువాత అటక మీది ట్రంకు పెట్టె దింపితే, తాతగారు తన సొంత కెమెరాతో తీసిన నలుపు తెలుపు ఫోటోలు, మీ నాన్నగారి కాలం నాటి రంగుల ఫోటోలు, కొన్ని నెగెటివ్‌లు, ఒక జిగురు ఆల్బమ్ దొరికాయి. వెనక రాత ఉన్నవి తక్కువ. చాలా మటుకు మసకగా, ఏ విశేషమూ లేనివిగా కనిపిస్తున్నాయి. వీటిలో ఏవి దాచాలి, వాటి వెనక సంగతులు ఎలా తెలుసుకోవాలి, గోదావరి గట్టున జనం కిక్కిరిసి ఉన్న ఫోటో ఏ పుష్కరాలది, స్కాన్ చేయించాక అసలు ఫోటోలు ఉంచుకోవడం అవసరమా అన్నవి మీ ప్రశ్నలు. చాలాకాలం స్టూడియోలోను డార్క్‌రూమ్‌లోను పని చేసి, ఇప్పుడు ఇళ్లలోని పాత ఫోటోలను స్కాన్ చేసి సర్ది ఇచ్చే పనిలో ఉన్నవాణ్ని గనక నాకు తెలిసినంతలో వివరంగా చెబుతాను.

ఏవి దాచాలన్న దానికి నా సమాధానం మీరు అనుకున్నదానికి ఎదురుగా ఉండవచ్చు. పెళ్లిళ్లు, ఉపనయనాలు, గృహప్రవేశాల ఫోటోలకు పెద్దగా ప్రమాదం లేదు. వాటి ప్రతులు వియ్యాలవారి ఇంట్లోనో మేనమామల ఇంట్లోనో ఉంటాయి, వాటిలో ఎవరు ఎవరో చెప్పగలిగినవారు కూడా నలుగురు దొరుకుతారు. మీరు విశేషం లేనివని పక్కన పెట్టినవి, అంటే అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న మనిషి, ఖాళీ వాకిలి, కెమెరా వైపు చూడని ఆవు, బొమ్మలో సగమే పడిన పిల్లవాడు, ఇవే మరెక్కడా ప్రతి లేనివి. సికింద్రాబాదులో స్టూడియో నడిపి ఆరో నిజాముకు ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ తీసిన కోటలను, దర్బారులను మ్యూజియాలు కాపాడుతున్నాయి. మీ ఇంటి అరుగును కాపాడవలసినది మీరే.

ఆ మామూలు ఫోటోలు అసలు ఎందుకు తీశారన్నది తెలిస్తే వాటిని చూసే తీరు మారిపోతుంది. సొంత కెమెరా ఉన్న ఇంట్లో కూడా ఆ రోజుల్లో రీలు ఖరీదైన వస్తువే. చదరపు ఫోటోలు వచ్చే కెమెరాలో 120 రకం రీలు వేస్తే 12 ఫోటోలు వచ్చేవి. రీలు కొనడానికి ఒక ఖర్చు, కడిగించడానికి ఒక ఖర్చు, ప్రింట్లు వేయించడానికి మరొక ఖర్చు ఉండేవి గనక సగం వాడిన రీలును ఎవరూ స్టూడియోకు పంపేవారు కాదు. సంక్రాంతికి వేసిన రీలులో నాలుగైదు మిగిలిపోతే అది ఉగాది దాకా, ఒక్కోసారి వేసవి సెలవుల దాకా కెమెరాలోనే ఉండేది. చివరకు ఎవరో పట్నం వెళుతున్నారని తెలిసిన రోజున, వాళ్ల చేతికిచ్చి పంపడం కోసం, మిగిలినవాటిని ఆ పూటకు ఎదురుగా ఉన్నదాని మీద గబగబా అవగొట్టేవారు. రీళ్లు కడిగే మాకు ఈ సంగతి అలవాటే. మొదటి ఏడెనిమిది బొమ్మల్లో పట్టుచీరలు, తోరణాలు ఉండేవి, చివరి మూడు నాలుగింటిలో పెరటి నుయ్యి, చేట పట్టుకున్న పక్కింటావిడ, గోడ మీద పిల్లి ఉండేవి. పండుగ ఫోటోలలో మనుషులు తాము ఎలా కనబడాలనుకున్నారో అలా నిలబడ్డారు. రీలు చివరి ఫోటోలలో మాత్రం ఇల్లు రోజూ ఉన్నట్టే ఉంది, ఎందుకంటే వాటి కోసం చీర మార్చుకునే తీరిక ఎవరికీ ఇవ్వలేదు.

అందువల్ల ప్రింట్ల కంటె ముందు నెగెటివ్‌లు పట్టుకోండి. ప్రింట్లు చేతులు మారి, బంధువుల ఇళ్లకు పోయి, వరుస చెదిరిపోయి ఉంటాయి. నెగెటివ్ పట్టీలకు మాత్రం ఇంకా వరుస ఉంటుంది. 35 మిల్లీమీటర్ల రీలుకు అంచున అంకెలు వేసి ఉంటాయి. 120 రీళ్లలో కొన్నింటికి అంకెలు ఉంటాయి, కొన్నింటికి ఉండవు. లేనప్పుడు రెండు పట్టీల చివరలను పక్కపక్కన పెట్టి చూడండి. స్టూడియోలో కత్తెరతో చేత్తో కోసినవి గనక కోత ఏదో ఒక వైపు ఒరిగి ఉంటుంది, ఒక పట్టీ చివరి వంకర రెండో పట్టీ మొదటి వంకరతో సరిగ్గా అతికితే అవి రెండూ ఒకే రీలులో పక్కపక్కవి. ఇలా రీళ్లు రీళ్లుగా కూర్చి, ఒక్కొక్క రీలును ఒక్కొక్క కవరులో పెట్టి, ఆ తరువాతే ప్రింట్లను వాటికి జతచేయండి.

దీనివల్ల ఏమి ఒరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక కుటుంబం వారు తెచ్చిన పెట్టెలో, వాకిట్లో నులకమంచం, దానికి ఆనించిన ఒక సైకిలు, మనుషులెవరూ లేరు, అటువంటి ఫోటో ఒకటి ఉంది. పారేయవలసినవాటిలో అది అన్నిటికంటె పైన ఉంది. నెగెటివ్‌లు వరుసలో పెట్టి చూస్తే దానికి ముందరి బొమ్మ బస్టాండులోది: కొత్త ప్యాంటు, చేతిలో హోల్డాలు (పక్కబట్టలు చుట్టి తీసుకువెళ్లే సంచి), ముఖంలో బిగువు ఉన్న ఒక కుర్రవాడు. ఆ రెండింటినీ పక్కపక్కన చూపించగానే ఇంట్లోని పెద్దావిడ, అది మా పెద్దన్నయ్య ఉద్యోగానికి వెళ్లిన రోజు, ఆ సైకిలు అప్పటిదాకా వాడిది, ఆ మధ్యాహ్నం నుంచి రెండోవాడికి ఇచ్చారు, వాడు పొద్దుటి నుంచీ దాన్ని తుడుస్తూనే ఉన్నాడు అని చెప్పారు. చక్రం కింద నేల తడిగా, కొద్దిగా నల్లగా ఉండడం అంతవరకూ మాలో ఎవరమూ గమనించలేదు. విడిగా చూస్తే అది ఒక సైకిలు బొమ్మ, అంతే.

ఇక మసక గురించి. మీ తాతగారి కెమెరా ఆగ్ఫా క్లిక్-3 అని రాశారు. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన ఆ కెమెరాయే మన మధ్యతరగతి ఇళ్లలో చాలామందికి మొదటి కెమెరా. దానిలో సర్దుబాట్లు దాదాపు లేవు. షట్టరు వేగం తక్కువ గనక చేయి కాస్త కదిలినా, పిల్లవాడు తల తిప్పినా బొమ్మ చెదిరేది. సుమారు పది అడుగుల లోపల నిలబడినవారు స్పష్టంగా వచ్చేవారు కారు. ఎండ లేనిదే పని జరిగేది కాదు. ఈ మూడు పరిమితులను గుర్తుపెట్టుకుని మీ ఫోటోలను మళ్లీ చూడండి. అందరూ దూరంగా, చిన్నగా ఎందుకున్నారో, అందరూ కళ్లు చికిలించి ఎందుకు చూస్తున్నారో, ఫోటోలన్నీ వాకిట్లోనో డాబా మీదనో ఎందుకున్నాయో తెలుస్తుంది. వంటిల్లు కనబడకపోవడం కూడా ఇందువల్లనే. ఆ చీకట్లో ఆ కెమెరాకు ఏమీ పడేది కాదు, ఇంట్లో తీయడానికి ఫ్లాష్ బల్బులు కొనడం అందరి వల్లా అయ్యే పని కాదు. కాబట్టి రోజంతా వంటింట్లో గడిపిన నాయనమ్మగారు మీకు ఎప్పుడూ ఎండలోనే కనబడతారు. పిలిస్తే బయటికి వచ్చారనడానికి గుర్తులు మాత్రం దొరుకుతాయి. కొంగు నడుముకు దోపి ఉందా, చేతులకు పిండి ఉందా, కుడిచేయి వెనక్కి దాచుకున్నారా అన్నది భూతద్దంతో చూడండి.

తీసినది ఎవరన్న ప్రశ్న అందరూ మరచిపోతారు. సొంత కెమెరా ఉన్న ఇంట్లో దాన్ని పట్టుకునే మనిషి ఫోటోల్లో ఉండడు. మీ తాతగారి ఫోటోలు తక్కువగా ఉన్నాయని మీరు బాధపడ్డారు గాని, పెట్టెలోని ఫోటోలలో చాలావాటి ముందుభాగంలో ఆయన ఉండే అవకాశం ఉంది. సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని తీయమని రీలు డబ్బాలోని కాగితం చెప్పేది. పొద్దున, సాయంత్రం అలా తీస్తే తీసేవారి నీడ బొమ్మ అడుగున పొడుగ్గా పడుతుంది. దాన్ని తప్పు అనుకుని అంచు కత్తిరించిన ప్రింట్లు చాలా చూశాను, నెగెటివ్‌లో మాత్రం ఆ నీడ మొత్తం ఉంటుంది. ఆ నీడను బట్టి కెమెరా రకం కూడా చెప్పవచ్చు. పొట్ట దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూసే పాత పెట్టె కెమెరా అయితే నీడలో తల వంగి, రెండు మోచేతులూ పక్కలకు పొడుచుకు వచ్చి ఉంటాయి. కంటికి ఆనించుకునే క్లిక్ కెమెరా అయితే చేతులు తలలో కలిసిపోయి పై భాగం ముద్దగా కనిపిస్తుంది. పంచెకట్టు నీడా, ప్యాంటు నీడా అన్నది కూడా చూడండి. ఆ బొమ్మలోని మిగతావారి నీడలతో పోలిస్తే ఆ నీడ పొట్టిగా ఉంటే కెమెరాను ఆ రోజు పిల్లల చేతికిచ్చి ఉండవచ్చు. అటువంటి ఫోటోలో పెద్దవాళ్ల ముఖాలు వేరే రకంగా ఉంటాయి, ఎందుకంటే వాళ్లు చూస్తున్నది తండ్రిని కాదు, కొడుకునో కూతురినో.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త ముందుగా చెబుతాను. ఫోటోలో కనిపించే వస్తువులు చాలా మటుకు “అంతకు ముందు కాదు” అని మాత్రమే చెబుతాయి, “ఆ తరువాత కాదు” అని చెప్పవు. వెనక స్టూడియో ముద్రలో పిన్‌కోడు ఉంటే ఆ ప్రింటు 1972 ఆగస్టు 15 తరువాతిది, ఎందుకంటే పిన్‌కోడు విధానం మొదలైనది ఆ రోజున. ముద్రలో పిన్‌కోడు లేకపోతే మాత్రం ఏదీ రుజువు కాదు, పాత రబ్బరు ముద్రనే మరో పదేళ్లు కొట్టిన స్టూడియోలు ఎన్నో ఉన్నాయి. ఊరి పేరు తరువాత ఆంధ్రప్రదేశ్ అని ఉంటే 1956 నవంబరు 1 తరువాతిది. వాహనం మీద ఏపీ తరువాత అంకె వచ్చే కొత్త తరహా నంబరు ఉంటే, కొత్త మోటారు వాహనాల చట్టం అమలుకు వచ్చిన 1989 తరువాతిది. పాత మూడక్షరాల నంబరు ఉన్న స్కూటరు 1995 నాటి ఫోటోలో కూడా నిక్షేపంగా నిలబడి ఉండవచ్చు. మారుతి 800 రోడ్డెక్కినది 1983 చివరలో, హీరో హోండా సీడీ 100 వచ్చినది 1985లో. గోడ మీద క్యాలెండరు కనబడితే అంతకంటె మంచి సాక్ష్యం లేదు గాని, దేవుడి బొమ్మ బాగుందని పాత క్యాలెండరును ఏళ్ల తరబడి ఉంచే ఇళ్లు మనవే.

పై హద్దు చెప్పేవి వస్తువులు కావు, మనుషులు. అందులోను పిల్లలు. ముందు పళ్లు ఊడి నవ్వుతున్న పిల్ల ఉంటే ఆ పిల్లకు ఆరో ఏడో ఏళ్లు. ఆమె పుట్టిన సంవత్సరం ఇంట్లో తెలిసే ఉంటుంది గనక ఫోటో తేదీ ఏడాది అటూ ఇటూగా తేలిపోతుంది. గుండు, దాని మీద గంధం ఉంటే పుట్టువెంట్రుకలు తీయించిన రోజు లేదా తిరుపతి నుంచి వచ్చిన వారం. పరికిణీలో ఉన్నదా, ఓణీలోకి వచ్చిందా అన్నది మరొక గీత. ఒక పిల్ల వయసు తేలిందంటే ఆ రీలులోని మిగతా 11 ఫోటోల తేదీ కూడా తేలినట్టే, నెగెటివ్‌లు వరుసలో పెట్టమన్నది అందుకు కూడా. ఇంకొక గుర్తు చెప్పడం కష్టంగా ఉంటుంది గాని చెప్పక తప్పదు. ఆ తరం స్త్రీల నుదుటి బొట్టు, చేతి గాజులు, చీర రంగు చూసి అది భర్త పోకముందరిదా, తరువాతిదా అని పెద్దవాళ్లు చూడగానే చెబుతారు. చాలా ఇళ్లలో భర్త పోయాక ఆ ముందరి ఫోటోలను ఆవిడే తీసి పెట్టె అడుగున పెట్టేసి ఉంటుంది. మీ పెట్టెలో చీర మడతల మధ్య విడిగా దొరికినవి ఏవైనా ఉంటే వాటిని మిగతావాటితో కలిపేయకుండా, ఎక్కడ ఎలా దొరికాయో రాసి విడిగా ఉంచండి.

గోదావరి ఫోటో సంగతి. గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకొకసారి గనక మీ ఫోటోల కాలానికి 1967, 1979, 1991 సరిపోతాయి. రాజమహేంద్రవరం దగ్గర తేదీ కట్టడానికి నది మీది వంతెనలే పెద్ద ఆధారం. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన ఈ మూడింటిలోను ఉంటుంది, దాని మీద రైళ్లు ఆగిపోయినది 1997లో. పైన రోడ్డు, కింద రైలుపట్టాలు ఉన్న వంతెనను ప్రారంభించినది 1974లో. కమానుల వంతెన మీద రైళ్లు మొదలైనది 1997లో, కమానులు లేవడం అంతకు ముందే మొదలై ఉంటుంది. కాబట్టి మీ ఫోటోలో రోడ్డు-రైలు వంతెన కనబడితే 1967 పోయింది, మిగిలినవి 1979, 1991. అది కనబడనంత మాత్రాన 1967 అనడానికి వీలులేదు. ముందు ఏ రేవులో నిలబడి ఎటువైపు తిరిగి తీశారో తేల్చుకోవాలి, కెమెరా రెండో వైపు తిరిగి ఉంటే ఎంత పెద్ద వంతెనైనా బొమ్మలోకి రాదు. జనం ఉన్నారు గనక పుష్కరాలే అనుకోవడం కూడా తొందరపాటు, కార్తిక సోమవారం నాడు ఆ రేవులు ఎప్పుడూ కిక్కిరిసే ఉంటాయి. పుష్కరాలకైతే తాత్కాలికంగా వేసిన పాకలు, కట్టిన కంచెలు, పోలీసుల మంచెలు ఎక్కడో ఒక మూల కనిపిస్తాయి. మీరు పంపిన వివరణలో నలుపు తెలుపు అనీ, అలల అంచు అనీ ఉంది. ప్రింటు చుట్టూ తెల్ల అంచు ఉండి, అది రంపపు పళ్లలా కత్తిరించి ఉంటే, కాగితం వెనక మామూలు కాగితంలా గరుకుగా ఉంటే, నేను 1967 వైపు మొగ్గుతాను. వెనక ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటే 1979 అంటాను, ఎందుకంటే ఆ పూత కాగితం నలుపు తెలుపులో వాడుకకు వచ్చినది 1970లలోనే.

ఇప్పుడు పెద్దవాళ్లను అడగడం. మీ మేనత్తగారు ఉన్నారన్నారు, ఆవిడ దగ్గరకు ఈ నెలలోనే వెళ్లండి, స్కానింగు తరువాతైనా చేయవచ్చు. వెళ్లినప్పుడు “ఇది ఎవరు?” అని మొదలుపెట్టవద్దు. పేరు గుర్తుకు రాకపోతే వాళ్లు కంగారుపడతారు, ఆ తరువాత తెలిసినది కూడా చెప్పరు. “ఈ అరుగు ఏ ఇంటిది?”, “ఈ కుర్చీ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?”, “ఈ చీర ఎవరిది?” అని వస్తువులతో మొదలుపెడితే మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు. చీర ప్రశ్నకు ప్రత్యేకంగా మంచి జవాబులు వస్తాయి. ఒకే పట్టుచీర అక్కచెల్లెళ్లు ముగ్గురి ఫోటోల్లో కనబడుతుంది, ఒకే కాసులపేరు తోడికోడళ్ల మెడలు మారుతూ ఉంటుంది, ఎవరి నగ ఎవరికి ఎరువిచ్చారన్నది యాభై ఏళ్ల తరువాత కూడా ఆడవాళ్లు మరిచిపోరు. ఫోటోను చేతికి ఇవ్వండి, వెనక్కి తిప్పి చూసుకోనివ్వండి. కంటి చూపు తగ్గినవారికి స్కాన్ చేసి టాబ్లెట్ మీద పెద్దదిగా చూపండి.

ఒకేసారి నలుగురిని కూర్చోబెట్టి అడగడం సరదాగా ఉంటుంది గాని పనికిరాదు. ఇంట్లో మాట చెల్లే ఒక్కరు ఏదంటే మిగతావారు దానికి తలూపుతారు, ఆడపడుచు ముందు కోడలు నోరు విప్పదు. విడివిడిగా అడగండి, ఫోన్‌లో గొంతు రికార్డు చేయండి, మొదట్లోనే తేదీ, ఎవరితో మాట్లాడుతున్నారో, ఏ ఫోటో నంబరో చెప్పండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఎవరినీ సరిదిద్దకుండా రెండూ రాసుకోండి. ఫలానావారు ఇలా అన్నారు అని రాయడం ముఖ్యం, ఎందుకంటే రేపు ఆ పేరు తప్పని తేలితే ఎక్కడ తప్పిందో తెలియాలి. వాళ్ల మాటను వాళ్ల యాసలోనే రాయండి. ముఖం కత్తిరించేసిన ఫోటో, సిరా పూసిన ఫోటో ఉంటే దాని గురించి మొదటి రోజున అడగవద్దు. పొలం తగాదాలు, రెండో పెళ్లిళ్లు, ఇల్లు విడిచిపోయినవారు, అన్నీ ఆ కత్తెర వెనక ఉండవచ్చు. చెప్పాలనుకున్నవారు తరువాత వాళ్లే ఫోన్ చేసి చెబుతారు.

ఫోటోల అంచుల్లో నిలబడినవారి గురించి ఒక మాట. అరుగు మీద కుటుంబమంతా కూర్చుంటే పక్కన ఎడ్ల పగ్గం పట్టుకుని పాలేరు ఉంటాడు, చంటిపిల్లను ఎత్తుకున్న పనిమనిషి సగం కనబడుతుంది. ఆ రోజు వాళ్లను పిలిచి నిలబెట్టలేదు, బొమ్మలో పడ్డారంతే. వాళ్ల ఇళ్లలో కెమెరా లేదు, స్టూడియోకు వెళ్లే స్తోమత లేదు. ఓటరు గుర్తింపు కార్డుల కోసం 1993 తరువాత ప్రభుత్వం తీసిన ఫోటోయే చాలామందికి జీవితంలో మొదటిదీ చివరిదీ. మనిషి పోయాక దండ వేయడానికి ఆ కార్డు ఫోటోనే పెద్దది చేయించుకోవడానికి వచ్చినవారిని నేను ఎందరినో చూశాను. పోస్టు స్టాంపు కంటె కాస్త పెద్దదైన ఆ బొమ్మలో కళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్లం. మీ పెట్టెలో వయసులో ఉన్న పాలేరు స్పష్టంగా పడిన ఫోటో ఒకటి ఉంటే, ఆ ఇంటివారికి అది ఎంత విలువైనదో మీరు ఊహించలేరు. ఊళ్లో అడిగి, ఆయన పిల్లల్ని వెతికి, మంచి ప్రింటు ఒకటి వేయించి ఇవ్వండి. ఆయన పేరు కూడా అప్పుడే తెలుస్తుంది, ఎందుకంటే మీ ఇంట్లో ఆయనను పిలిచిన పేరు అసలు పేరు కాకపోవచ్చు.

రంగుల ఫోటోల గురించి చెప్పవలసినది తక్కువ. 36 ఫోటోల రీలు, చిన్న ఆటోమేటిక్ కెమెరా, ఫ్లాష్ అందుబాటులోకి వచ్చాక ఇంటి లోపలి ఫోటోలు పెరిగాయి, మంచాలు, టీవీలు, వంటింటి గట్లు కనిపించడం మొదలైంది. రీలు చివర సాగదీసి 37వది, 38వది లాగే అలవాటు మాత్రం పోలేదు. మూలన నారింజరంగు అంకెల్లో తేదీ ఉంటే నమ్మే ముందు అదే రీలులోని మిగతావి చూడండి. బ్యాటరీ మార్చాక తేదీ సరిచేయకుండా వాడినవారు చాలామంది, సంక్రాంతి గొబ్బెమ్మల పక్కన జూలై నెల కనబడితే ఆ రీలు మొత్తాన్ని అనుమానించండి. కువైట్ నుంచో అమెరికా నుంచో ఉత్తరంలో వచ్చిన ఫోటోలుంటే వాటిని కవరుతో సహా ఉంచండి, తపాలా ముద్ర మీద తేదీ ఉంటుంది. కారుకు ఆనుకుని నిలబడిన కొడుకు ఆ కారు తనదని ఉత్తరంలో రాసి ఉండకపోవచ్చు, రాశాడో లేదో మాత్రం ఉత్తరం ఉంటేనే తెలుస్తుంది.

కాపాడే పనిలోకి వద్దాం. జిగురు ఆల్బమ్ నుంచి ఫోటోలు బయటికి రావాలి, ఆ జిగురు, పైనున్న ప్లాస్టిక్ పొర రెండూ ఫోటోను తినేస్తాయి. అయితే గోళ్లతో పీకవద్దు. పళ్ల సందులు శుభ్రం చేసుకునే, మైనం పూయని దారాన్ని ఫోటో కింద ఒక మూల నుంచి దూర్చి, రంపం లాగినట్టు మెల్లగా అటూ ఇటూ లాగితే చాలా మటుకు వచ్చేస్తాయి. రానివాటిని ఆ పేజీతోనే స్కాన్ చేసి వదిలేయండి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను ఎట్టి పరిస్థితిలోను ఊడదీయవద్దు, బొమ్మ అద్దానికే ఉండిపోయి తెల్ల కాగితం చేతికి వస్తుంది. అద్దంతో సహానే ఫోటో తీయించండి. నల్ల పేజీల పాత ఆల్బమ్, మూలలకు కార్నర్లు పెట్టినది అయితే దాన్ని విప్పవద్దు. మీ తాతగారు పెట్టిన వరుస కూడా ఒక సమాచారమే, పేజీలను మొత్తంగా ఒకసారి, ఫోటోలను విడిగా ఒకసారి తీయండి.

పసుపు మరకలు ప్రింటు వేసేటప్పుడు వాడే హైపో అనే రసాయనాన్ని సరిగా కడగకపోవడం వల్ల వచ్చినవి, అంచుల్లో నీలంగా మెరిసే పొర లోపలి వెండి పైకి తేలడం వల్ల వచ్చినది. రెంటినీ ఇంట్లో తుడిచి బాగుచేయలేరు. రంగుల ఫోటోలు ఎర్రబడితే అది నీలాకుపచ్చ రంగు ముందుగా వెలిసిపోవడం వల్లనే, స్కాన్‌లో కొంతవరకు సరిచేయవచ్చు. బూజు ఉన్నవాటిని మిగతావాటి నుంచి వెంటనే వేరుచేసి, ఫ్యాను గాలి తగిలే నీడలో ఆరనిచ్చి, మెత్తని కుంచెతో బయట దులపండి, తడిగుడ్డ పెట్టవద్దు. కోస్తా తేమలో బూజే మొదటి శత్రువు. అటక మీద కాకుండా, బయటి గోడకు ఆనని బీరువాలో, కాగితపు కవర్లలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, ఆ పొట్లాలను వానాకాలం ముందు మార్చండి. కలరా ఉండలు మాత్రం వేయవద్దు, వాటి ఆవిరి ఫోటోలకు మంచిది కాదు. వెనక రాయవలసి వస్తే మెత్తని పెన్సిల్‌తో అంచున తేలికగా రాయండి, బాల్‌పెన్ నొక్కు ముందువైపు ముఖం మీద తేలుతుంది.

స్కానింగుకు చిన్న ప్రింట్లయితే 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), నెగెటివ్‌లయితే కనీసం 2400 పెట్టమనండి. ప్రతి ఫోటో వెనకవైపు కూడా స్కాన్ చేయండి, అక్కడ ఏమీ లేదనిపించినా సరే. దాచే ప్రతి నాణ్యత తగ్గని టిఫ్ రకం ఫైలులో ఉండాలి, అందరికీ పంపేది జేపెగ్‌లో ఉంటే చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిన్నదైపోతుంది, దానిలో మీరు రాసిన వివరాలు కూడా పోతాయి, కాబట్టి బంధువుల గ్రూపులో పెట్టినదే దాచిన ప్రతి అనుకోవద్దు. ముఖాలను స్పష్టం చేసే, రంగులు వేసే యాప్‌ల విషయంలో నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. మసకలో లేని కళ్లను అవి ఎక్కడి నుంచీ వెలికితీయవు, కల్పించి అతికిస్తాయి. మీ మేనత్తగారికి అటువంటి బొమ్మ చూపిస్తే, ఇది ఎవరో మా వాళ్లలా లేదే అంటారు, ఆవిడ అన్నదే నిజం. సరదాకు చేసుకోండి గాని పేరులో ఆ సంగతి రాసి, అసలు స్కాన్‌తో కలపకుండా వేరే ఫోల్డరులో పెట్టండి. కొన్ని ఫోటోలకు సంగతులు బాగా సమకూరితే, 2010లో అనూషా యాదవ్ ప్రారంభించిన ఇండియన్ మెమరీ ప్రాజెక్టు వంటి చోట కుటుంబాల ఫోటోలు, వాటి వెనక సంగతులు ఎలా కలిపి రాశారో చూడండి, మీవి రాసుకోవడానికి ఒక దారి దొరుకుతుంది.

స్కాన్ అయ్యాక అసలువి పారేయవచ్చా అన్నారు. పారేయవద్దు. ప్రింటు సైజు, కాగితం, అంచు కోత, వెనక ముద్ర, నెగెటివ్ వంకర, పైన చెప్పిన ఆధారాలలో సగం బొమ్మలో లేవు, వస్తువులో ఉన్నాయి. స్థలం చాలకపోతే, ఒకే నెగెటివ్ నుంచి వేయించిన అదనపు ప్రింట్లను ఆ ఫోటోలో ఉన్నవారి పిల్లలకు పంచేయండి. ఎవరో తెలియనివారి ఫోటోలను కూడా ఒక కవరులో వేసి, ఏ పెట్టెలో ఏ ఫోటోల మధ్య దొరికాయో కవరు మీద రాసి ఉంచండి. మీ మేనత్తగారి దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ కవరును చివర చూపించండి, మాటల్లో పడి ఊరంతా గుర్తుకు వచ్చాక వాటిలో ఒకటి రెండిటికి పేర్లు దొరకడం నేను చాలాసార్లు చూశాను.